పాత అమెరికన్ జోడు గొట్టాల తుపాకీ: పార్కరా, స్మిత్తా, లెఫీవరా, లేక ఎవరూ ఎరుగని పేరా?

1860ల నడిమి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా కనెక్టికట్, మసాచుసెట్స్, న్యూయార్క్ రాష్ట్రాలలోని చిన్న పట్టణాలలో జోడు గొట్టాల షాట్‌గన్‌లు (చిన్న గుండ్లను, అంటే రవ్వను, ఒకేసారి వెదజల్లే తుపాకులు) చేసిన కంపెనీల పేర్లు రాసుకుంటూ పోతే పెద్ద జాబితా అవుతుంది. వాటిలో కొన్ని లక్షల సంఖ్యలో తుపాకులు చేశాయి, కొన్ని నాలుగేళ్లు కూడా నడవకుండా మూతపడ్డాయి, మరికొన్ని పేర్ల వెనుక అసలు ఫ్యాక్టరీయే లేదు. ఇంత రాశిలోంచి కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఒకటి రెండు ఎంచుకోవలసి వచ్చినప్పుడు సాధారణంగా అరుదుదనాన్ని చూసి మోజుపడతారు. నేను చూసే కొలమానం వేరు. ఆ తుపాకీ ఎవరి చేతిలో, ఏ ఏడాది, ఏ రూపంలో తయారై ఫ్యాక్టరీ గడప దాటిందో చెప్పడానికి ఇనుము మీద ఎంత ఆధారం ఉంది, కాగితం మీద ఎంత ఆధారం ఉంది అన్నదే మొదటి ప్రశ్న. అందం, ధర, అరుదుదనం ఆ తరువాతి మాటలు.

ఈ ప్రశ్న అమెరికన్ తుపాకుల విషయంలో మరీ ముఖ్యం కావడానికి ఒక కారణం ఉంది. ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హామ్ పరీక్షా గృహాలు, బెల్జియంలో లియేజ్ పరీక్షా గృహం ప్రతి గొట్టాన్నీ ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర వేసేవి. ఆ ముద్రల రూపం కాలానుగుణంగా మారుతూ వచ్చింది కనుక, ముద్ర చూసి తుపాకీ వయసును కొంతవరకు లెక్కకట్టవచ్చు. అమెరికాలో ప్రభుత్వ పరీక్షా గృహమన్నదే లేదు. కంపెనీలు తమ పరీక్షలు తామే చేసుకున్నాయి, తమ గుర్తులు తామే కొట్టుకున్నాయి. అందువల్ల అక్కడి తుపాకీ పుట్టుపూర్వోత్తరాలు సీరియల్ నంబరు, పేటెంటు తేదీలు, కంపెనీ కేటలాగులు, అదృష్టం ఉంటే ఆ కంపెనీ ఆర్డరు పుస్తకాలు, వీటి మీదే ఆధారపడి ఉంటాయి. ఇందులోనే ఒక పనికొచ్చే చిట్కా కూడా ఉంది. అమెరికన్ పేరు చెక్కిన తుపాకీ గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం కనిపిస్తే, ఆ తుపాకీ లియేజ్‌లో పరీక్షకు నిలబడిందని అర్థం. ఇనుము, ఉక్కు పట్టీలను పురిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు బెల్జియం నుంచి తెప్పించుకున్న అమెరికన్ కంపెనీలు చాలా ఉన్నాయి కనుక ఒక్క గొట్టాల మీది గుర్తుతోనే నిర్ణయానికి రాకూడదు. గొట్టాలు వచ్చి కూర్చునే ఉక్కు దేహం, అంటే ఫ్రేమ్ మీద కూడా అదే గుర్తు ఉంటే మాత్రం అది ఓడెక్కి వచ్చిన బెల్జియం సరుకే.

కాగితం బలం ఉన్న పేరు: పార్కర్

కనెక్టికట్ రాష్ట్రంలోని మెరిడెన్ పట్టణంలో చార్లెస్ పార్కర్ కుటుంబం అంతర్యుద్ధం ముగిసిన వెంటనే షాట్‌గన్‌ల తయారీకి దిగింది. 1934లో రెమింగ్టన్ ఆ వ్యాపారాన్ని కొన్నది, 1938లో పని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు తరలింది, రెండో ప్రపంచ యుద్ధంతో ఆగిపోయింది. ఈ మొత్తం కాలంలో తయారైనవి సుమారు 2,42,000. అంటే పార్కర్ తుపాకీ దానంతట అది అరుదైన వస్తువు కాదు. అయినా దానికి ఉన్న గిరాకీ మరే అమెరికన్ జోడు గొట్టాల తుపాకీకీ లేదంటే, పనితనంతో పాటు కంపెనీ స్టాకు పుస్తకాలు, ఆర్డరు పుస్తకాలు చాలావరకు మిగిలి ఉండడం అందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం. పార్కర్ సేకర్తల సంఘానికి సీరియల్ నంబరు పంపి రుసుము చెల్లిస్తే, ఆ నంబరు వివరాలు మిగిలిన పుస్తకాలలో ఉన్నంతవరకు గ్రేడు (పనితనం స్థాయి), గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత), గొట్టాల పొడవు, భుజానికి ఆనే కర్ర కొలతలు, కొన్నిసార్లు ఆర్డరు ఇచ్చినవారి పేరుతో సహా ఉత్తరం వస్తుంది.

తుపాకీ మీద కూడా పార్కర్ చాలా సమాచారం వదిలిపెట్టింది. గొట్టాలు విప్పి ఫ్రేమ్ పైతలం చూస్తే గ్రేడు సంకేతం కనిపిస్తుంది: జి గ్రేడుకు 2, డి గ్రేడుకు 3, సి గ్రేడుకు 4, ఇలా పెరుగుతుంది. తూటాను పేల్చే సుత్తులు, అంటే హామర్లు బయట కనిపించనివాటి పేరులో హెచ్ అక్షరం, తూటా డొప్పలు వాటంతట అవే ఎగిరిపడే ఎజెక్టర్లు ఉన్నవాటి పేరులో ఇ అక్షరం చేరుతుంది, కనుక డి.హెచ్.ఇ. అన్న మూడక్షరాలే ఒక చిన్న జాతకం. గొట్టాల అడుగు కొక్కెం మీద ఫ్రేమ్ పరిమాణం తెలిపే అంకె ఉంటుంది, గొట్టాల అడుగున వాటి తొలి బరువు కొట్టి ఉంటుంది. ఉత్తరంలో ఉన్న గొట్టాల పొడవు, తుపాకీ మీద మీరు కొలిచిన పొడవు ఒకటి కాకపోతే ఎక్కడో కోత పడిందని వెంటనే తెలిసిపోతుంది.

పార్కర్‌లో విపరీతమైనవి కావాలనుకునేవారికి కూడా దారులున్నాయి. 8 గేజ్ బాతుల తుపాకులు, 28 గేజ్ చిన్న ఫ్రేమ్‌లు, గొట్టాలు తెరవడానికి ట్రిగ్గర్ కాపుకు ముందున్న మీటను పైకి తోయవలసిన తొలినాటి లిఫ్టర్ రకం, వీటిలో ఏదైనా సరే నంబరు ద్వారా వెతకడానికి వీలుంటుంది. ఇన్విన్సిబుల్ అన్న అత్యున్నత గ్రేడు తుపాకులు మూడే తయారయ్యాయి. అవి వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్‌లో ఉన్న జాతీయ ఆయుధ ప్రదర్శనశాలలో కొలువై ఉన్నాయి కనుక మనం చూసి రావడమే తప్ప బేరమాడే పని లేదు. లిఫ్టర్ రకం మాత్రం ఇప్పటికీ సామాన్యుడికి అందే విచిత్రమే, ఆ పేరున్న మిగతా తుపాకుల ధరతో పోలిస్తే నాకు అది మంచి బేరంగా తోస్తుంది.

పార్కర్‌లో ఉన్న చిక్కు ఆ పేరుకున్న ధరే. ధర ఎక్కడుంటే మోసం అక్కడ గూడు కట్టుకుంటుంది. వి గ్రేడు సాదా తుపాకీ మీద కొత్తగా చెక్కడం పని చేయించి పై గ్రేడుగా అమ్మినవి ఉన్నాయి, ఫ్రేమ్ మీది రంగులు పోయాక మళ్లీ వేయించినవి ఉన్నాయి. ఉత్తరం లేకుండా పై గ్రేడు పార్కర్‌కు పై గ్రేడు ధర చెల్లించకూడదన్నది ఈ రంగంలో పెద్దలందరూ ఒప్పుకునే మాట.

పక్క పలకల అందం: ఎల్.సి. స్మిత్

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో లైమన్ కార్నీలియస్ స్మిత్ మొదట డబ్ల్యు.హెచ్. బేకర్ రూపొందించిన తుపాకులు చేయించాడు. బేకర్ అక్కడి నుంచి వెళ్లిపోయాక అలెగ్జాండర్ బ్రౌన్ అన్న యంత్ర నిపుణుడు 1880ల నడుమ కొత్త తుపాకీకి రూపమిచ్చాడు. ఆ బ్రౌనే తరువాత స్మిత్ ప్రీమియర్ టైపురైటర్‌ను కనిపెట్టాడు, స్మిత్ తుపాకుల వ్యాపారం అమ్మేసి టైపురైటర్ల వైపు వెళ్లిపోయాడు. తాలూకా కచేరీల ముందు రెమింగ్టన్ టైపు మిషన్ల టకటకలు విన్న తరానికి తుపాకీ ఫ్యాక్టరీ నుంచి టైపురైటర్ రావడం వింతగా తోచవచ్చు. రెమింగ్టన్ మిషన్ పుట్టింది కూడా ఇలియన్‌లోని తుపాకుల కార్ఖానాలోనే. ఒక రకం సన్నని ఉక్కు మీటల పని తెలిసినవాడికి మరో రకం కష్టం కాలేదు.

స్మిత్ వ్యాపారాన్ని హంటర్ సోదరులు కొని ఫుల్టన్ పట్టణానికి మార్చారు. 1945లో మార్లిన్ కంపెనీ దాన్ని తీసుకుంది, 1949లో ఫ్యాక్టరీ అంతస్తు ఒకటి కూలడంతో కథ దాదాపు ముగిసింది. అమెరికాలో పెద్ద ఎత్తున తయారైన నిజమైన పక్క పలకల తుపాకులలో బాగా పేరున్నది ఇదే. అంటే హామర్లు, స్ప్రింగులు ఫ్రేమ్ మధ్యలో కాక, రెండు పక్కల విప్పి తీయగల ఉక్కు పలకలకు బిగించి ఉంటాయి. పలకలు విప్పి లోపలి పనితనం చూడడం సేకర్తకు ఒక పండుగ. కానీ ఆ పలకల కోసం కర్రను లోతుగా తొలచాలి, తొలిచిన చోట మిగిలే కర్ర సన్నగా ఉంటుంది, పేలిన ప్రతిసారీ వెనక్కి కొట్టే దెబ్బంతా ఆ సన్నని అంచుల మీద పడుతుంది. అందుకే స్మిత్ తుపాకీని చేతిలోకి తీసుకోగానే అనుభవజ్ఞుల చూపు చెక్కడం మీదకు పోదు, పలకల వెనుక కర్రలో వెంట్రుకవాసి చీలిక ఉందా అని చూస్తుంది. చాలావాటిలో ఉంటుంది. నూనె ఏళ్ల తరబడి పీల్చుకుని మెత్తబడిన కర్రయితే ఇంకా తొందరగా చీలుతుంది.

దస్త్రాల విషయంలో స్మిత్‌ది రెండో స్థానం. హంటర్ కాలపు కంపెనీ రికార్డులు వయోమింగ్ రాష్ట్రంలోని కోడీలో ఉన్న బఫెలో బిల్ కేంద్రపు ఆయుధ ప్రదర్శనశాల అధీనంలో ఉన్నాయి, అక్కడి నుంచి ధ్రువీకరణ ఉత్తరం తెప్పించుకోవచ్చు. గ్రేడుల పేర్లు మాత్రం కొత్తవారిని తికమక పెడతాయి. మొదట్లో అంకెలతో పిలిచిన గ్రేడులకు 1913 నుంచి ఫీల్డ్, ఐడియల్, స్పెషాల్టీ, క్రౌన్, మోనోగ్రామ్ లాంటి పేర్లు పెట్టారు కనుక, పాత కేటలాగు అంకెను కొత్త కేటలాగు పేరుతో సమానం చేసుకుని ధర కట్టేముందు తుపాకీ ఏ ఏటిదో తేల్చుకోవాలి. పార్కర్ డి.హెచ్.తో పోల్చదగిన పనితనం స్మిత్‌లో తక్కువ ధరకు దొరుకుతుంది. ఆ తేడాలో కొంత ఆ కర్ర చీలికకు చెల్లించే పరిహారం అనుకోవాలి.

మేధావి తుపాకీ: లెఫీవర్

నన్ను అడిగితే, విచిత్రమైన అమెరికన్ యంత్ర నిర్మాణం మీద ఆసక్తి ఉన్నవారు మొదట చూడవలసింది డేనియల్ మైరన్ లెఫీవర్ పని. హామర్లు బయటకు కనిపించని తుపాకీని అమెరికాలో వాణిజ్య స్థాయికి తెచ్చిన తొలి వ్యక్తుల్లో ఆయన ముఖ్యుడు, సేకర్తలు ఆయనను ఇప్పటికీ అంకుల్ డాన్ అనే పిలుస్తారు. సిరక్యూస్‌లో తయారైన లెఫీవర్ తుపాకీ చూడడానికి స్మిత్ లాగా పక్క పలకలదిగానే కనిపిస్తుంది, కానీ ప్రధాన యంత్ర భాగాలు ఫ్రేమ్‌లోనే ఉంటాయి. అందుకే లెఫీవర్‌ను స్మిత్‌తో సమానంగా పక్క పలకల తుపాకీ అని ప్రకటించే అమ్మకందారు దాన్ని ఎన్నడూ విప్పి చూడలేదని మనం గ్రహించవచ్చు.

ఆయన అసలు ప్రతిభ మరో చోట ఉంది. ఏ జోడు గొట్టాల తుపాకీకైనా గొట్టాలు వంగే కీలు దగ్గర అరుగుదల వస్తుంది, అప్పుడు గొట్టాల వెనుక ముఖానికీ ఫ్రేమ్‌కీ మధ్య కాగితం దూరేంత సందు ఏర్పడుతుంది. మిగతా తుపాకులకైతే నిపుణుడు ఆ కీలును కొత్త ఉక్కుతో పూడ్చాలి. లెఫీవర్ కీలు స్థానంలో ఒక బంతి ఆకారపు మర పెట్టాడు. అరుగుదల వచ్చినప్పుడు ముందు నుంచి స్క్రూడ్రైవర్‌తో దాన్ని కాస్త తిప్పితే గొట్టాలు మళ్లీ ఫ్రేమ్‌కు ఆనుకుంటాయి. ఇంత తేలిక ఉపాయం మిగతావారికి ఎందుకు తట్టలేదన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. అయితే ఈ సౌకర్యమే కొనేవారికి ఉచ్చు కూడా అవుతుంది. బిగుతుగా ఉన్న లెఫీవర్‌ను చూసి తక్కువ వాడకం అనుకోవడానికి లేదు, నిన్ననే ఎవరో మర తిప్పి ఉండవచ్చు. ఆ మర గాడి చెదిరి ఉందా, ఇంకా ఎంత తిరిగే వీలుంది అన్నది చూస్తేనే నిజమైన వయసు తెలుస్తుంది.

లెఫీవర్ పేరు కింద మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయని మరువకూడదు. సిరక్యూస్‌లోని లెఫీవర్ ఆర్మ్స్ కంపెనీ తుపాకులు మొదటివి. వ్యవస్థాపకుడు ఆ కంపెనీని విడిచి కొడుకులతో కలిసి డి.ఎం. లెఫీవర్ పేరుతో కొద్ది సంఖ్యలో చేసిన, గొట్టాలను అడ్డ గడియతో బిగించే తుపాకులు రెండోవి. ఆయన 1906లో కన్నుమూశారు. 1916లో ఇథాకా కంపెనీ లెఫీవర్ పేరు కొని 1921 నుంచి చౌకగా అమ్మిన నైట్రో స్పెషల్ మూడోది. దీనికీ బంతి కీలుకూ ఏ సంబంధమూ లేదు. అమ్మకం ప్రకటనలలో ఈ మూడూ ఒకే పేరుతో ఒకే వరుసలో కనిపిస్తాయి.

పేరు ఒకటై తుపాకీ వేరైన ఈ గొడవ లెఫీవర్‌తో ఆగదు. ఫిలడెల్ఫియాలో అన్స్‌లీ ఫాక్స్ కంపెనీ చేసిన ఎ.హెచ్. ఫాక్స్ వేరు, ఆ పేరును 1929లో కొన్న సావేజ్ కంపెనీ తరువాత అమ్మిన ఫాక్స్ మోడల్ బి వేరు. ఎల్.సి. స్మిత్ పేరుతో మార్లిన్ 1968 నుంచి కొద్దికాలం చేసినవి వేరు. పార్కర్ రీప్రొడక్షన్ పేరుతో 1980లలో జపానులో తయారైనవి మంచి తుపాకులే, కానీ అవి పురాతన వస్తువులు కావు.

కోల్ట్: తేదీ గొడవ లేని ఎంపిక

రివాల్వర్లతో పేరు మోసిన హార్ట్‌ఫోర్డ్‌లోని కోల్ట్ కంపెనీ కూడా కొంతకాలం జోడు గొట్టాల షాట్‌గన్‌లు చేసిందని చాలామందికి తెలియదు. బయటి హామర్ల 1878 మోడల్ 22,000కు పైగా, హామర్లు దాచిన 1883 మోడల్ 8,000 లోపు తయారయ్యాయి. చౌక బెల్జియం సరుకుతో పోటీపడలేక 1890ల నడిమికి కంపెనీ ఆ పని మానుకుంది. ఇక్కడ కోల్ట్‌కు ఉన్న విశేషం ఏమిటంటే, ఈ రెండు మోడళ్లూ పూర్తిగా 1899కి ముందువే, రెండింటికీ కోల్ట్ దస్త్రాల విభాగం ఉత్తరం ఇస్తుంది. చట్టం దృష్ట్యా ఈ తేదీ ఎంత ముఖ్యమో తరువాత చెబుతాను. 1878 మోడల్ ఫ్రేమ్ మీదే దాదాపు 40 జోడు గొట్టాల రైఫిళ్లు కూడా తయారయ్యాయి. వాటి ధర ఆకాశాన్ని అంటుతుంది కనుక మామూలు షాట్‌గన్‌కు వేరే గొట్టాలు తగిలించి రైఫిల్‌గా చూపిన నకిలీలూ పుట్టాయి. ఉత్తరంలో రైఫిల్ అన్న మాట లేకుండా ఎవరు చూపినా చూసి సంతోషించి వెనుదిరగాలి.

దారి తప్పిన ప్రయోగాలు

అసలైన విచిత్రాలు కోరేవారికి మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణం ఒక గని. అక్కడ ఎథన్ అలెన్ 1865 ప్రాంతంలో పేటెంటు పొందిన షాట్‌గన్‌లో గొట్టాలు వంగవు. వెనుక ఉన్న దిమ్మ తలుపులా పైకి లేస్తుంది, అందులోకి మళ్లీ మళ్లీ నింపుకునే ఉక్కు తూటాలు పెట్టాలి. గొట్టాలు కిందికి వంచే పద్ధతి గెలిచాక ఈ ఆలోచనను ఎవరూ ముందుకు తీసుకువెళ్లలేదు. అదే పట్టణంలో హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ కంపెనీ 1882 నుంచి 1885 దాకా ఇంగ్లండుకు చెందిన ఆన్సన్ అండ్ డీలీ పేటెంటుకు లైసెన్సు తీసుకుని హామర్లు లేని తుపాకులు చేసింది. మన జమీందారుల ఇళ్లలో గోడకు వేలాడిన ఇంగ్లీషు తుపాకులలో, లైసెన్సు కాగితాలలో డి.బి.బి.ఎల్. (జోడు గొట్టాల, వెనుక నుంచి నింపే తుపాకీ) అని రాసే నేటి భారతీయ తుపాకులలో కనిపించే పెట్టె ఆకారపు యంత్రానికి మూలం ఈ ఆన్సన్ అండ్ డీలీ పద్ధతే. తెలుగు నేలలో పాత తుపాకీ చూసి పెరిగి అమెరికాలో స్థిరపడినవారికి అమెరికా, ఇంగ్లండు కలిసిన ఈ మూడేళ్ల తుపాకీ ప్రత్యేకమైన ఆకర్షణ అవుతుందని నా ఊహ.

పైన రెండు రవ్వ గొట్టాలు, కింద ఒక రైఫిల్ గొట్టం ఉన్న బేకర్ మూడు గొట్టాల తుపాకీ మరొకటి. సిరక్యూస్‌లో 1880ల తొలినాళ్లలో తయారైన ఈ తుపాకీని తెరవడానికి మీట ఉండదు, ముందు ట్రిగ్గర్‌ను ముందుకు తోయాలి. తెలియనివాడు దాన్ని బలవంతంగా వెనక్కి లాగి చెడగొట్టిన సందర్భాలు ఉంటాయి కనుక చేతిలోకి తీసుకోగానే ఆ కదలిక సాఫీగా ఉందో లేదో చూడాలి. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మౌండ్స్‌విల్‌లో ఫ్రాంక్ హొలెన్‌బెక్ రూపొందించిన మూడు గొట్టాల తుపాకీ ఇదే కోవలో ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లది.

ఈ వర్గంలో అరుదుదనం నిజం, ధరలు పార్కర్ అంత ఉండవు, పరిశోధనకు మాత్రం ఓపిక కావాలి. నంబరు పంపితే ఉత్తరం తిరిగొచ్చే పరిస్థితి ఇక్కడ ఉండదు. పేటెంటు చిత్రాలు తెచ్చుకుని తుపాకీతో ఒక్కొక్క భాగాన్ని పోల్చుకోవాలి, ఆ నాటి వేట పత్రికల ప్రకటనలు, పట్టణ డైరెక్టరీలు, హార్డ్‌వేర్ వ్యాపారుల కేటలాగులు తిరగేయాలి. అమెరికన్ పేటెంట్ల చిత్రాలు ఉచితంగా చూడడానికి దొరుకుతాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు తుపాకీ మీద చెక్కిన పేటెంటు తేదీ నుంచి మొదలుపెట్టవచ్చు. ఈ శ్రమ ఇష్టపడేవారికి ఒక అలెన్ తుపాకీ పది పార్కర్లతో సమానం. ఇష్టపడనివారికి అది గోడ మీద వేలాడే ఇనుప ముక్కగానే మిగిలిపోతుంది.

ఇక వ్యాపార పేర్ల తుపాకుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కనెక్టికట్‌లోని నార్విచ్‌లో క్రెసెంట్ కంపెనీ న్యూయార్క్ వర్తకుల కోసం, దేశమంతటా ఉన్న హార్డ్‌వేర్ దుకాణాల కోసం వందల పేర్లు చెక్కి ఒకే తుపాకీని అమ్మింది. ప్రఖ్యాత ఇంగ్లీషు పేరును ఒకటి రెండు అక్షరాల తేడాతో చెక్కిన బెల్జియం తుపాకులు కూడా ఆ కాలంలో కుప్పలుగా దిగుమతి అయ్యాయి. వీటిలో పేరు అరుదు కావచ్చు, తుపాకీ అరుదు కాదు. ఒక ఊరి దుకాణం పేరు చెక్కి ఉన్నందువల్ల ఆ ఊరి చరిత్ర మీద ప్రేమతో కొంటే తప్పు లేదు, పెట్టుబడిగా మాత్రం వద్దు.

గుర్రపు బళ్ల మీద సొమ్ము మోసిన వెల్స్ ఫార్గో కంపెనీ బళ్ల కాపలాదారుల తుపాకీ అని ముద్ర వేసి అమ్మేవాటిని గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి. ఈ రంగంలో అత్యధికంగా నకిలీ అయ్యేవి అవే, ముద్ర వేయడానికి ఒక ఉలి, ఒక సుత్తి చాలు.

కథకు విలువ ఎప్పుడు వస్తుంది

1909లో ఆఫ్రికా యాత్రకు బయలుదేరిన థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఫాక్స్ కంపెనీ ఒక ఎఫ్.ఇ. గ్రేడు తుపాకీ ప్రత్యేకంగా చేయించి ఇచ్చింది. 2010లో అది వేలంలో 8,62,500 డాలర్లకు అమ్ముడుపోయింది. అదే గ్రేడుకు చెందిన మరో ఫాక్స్ తుపాకీ దాని దరిదాపులకు కూడా రాదు. ఆ తేడా మొత్తం రూజ్‌వెల్ట్ చేతికీ ఆ తుపాకీకీ మధ్య తెగని ఆధారాల గొలుసుకు చెల్లింది. తాతగారి తుపాకీ, ఫలానా దొంగల నాయకుడి తుపాకీ అని అమ్మకందారు చెప్పే కథను ఈ కొలతతోనే తూచాలి. గొలుసులో మొదటి లంకె కాగితం మీద లేకపోతే, ఆ కథకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వనవసరం లేదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు

నేను ఒకసారి మంచి లెఫీవర్ అనుకుని కొన్నదాని ఫ్రేమ్ మీది నంబరు, గొట్టాల మీది నంబరు సరిపోయాయి కనుక సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. నెల తరువాత గొట్టాల కింద చేయి ఆనే ముందు కర్ర విప్పి చూస్తే లోపలి ఇనుము మీద వేరే నంబరు ఉంది. అంటే రెండు తుపాకుల శవాల నుంచి ఒకటి లేపారు. అప్పటి నుంచి ముందు కర్ర విప్పనివ్వని అమ్మకందారుతో బేరం చేయను.

గొట్టాల చివర చూడడం రెండో పని. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలో రెండు గొట్టాల మూతులు ఒకదానికొకటి ఆనుకుని లేదా దాదాపు ఆనుకుని ఉంటాయి. గొట్టాలు వెనుక నుంచి ముందుకు కాస్త దగ్గరవుతూ వస్తాయి కనుక, ఎవరైనా కోసి ఉంటే కోసిన చోట మధ్యలో సందు తేలుతుంది, దాన్ని సీసంతో పూడ్చి ఉంటారు. మూడోది మీట. మూసిన తుపాకీలో పై మీట నడి గీతకు కాస్త కుడి పక్కన ఆగితే గడియలో ఇంకా జీవం ఉన్నట్టు, ఎడమకు దాటి పోయి ఉంటే అరుగుదల బాగా ముదిరినట్టు. నాలుగోది, గొట్టాలు విప్పి కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి చెక్కతో తట్టి వినడం. గంటలా మోగితే మధ్య పట్టీల అతుకు గట్టిగా ఉంది, పగిలిన కుండలా మోగితే అతుకు ఊడింది.

డమాస్కస్ గొట్టాల గురించి వాదనలు ఎన్నటికీ తెగవు. ఇనుము, ఉక్కు పట్టీలను పురి పెట్టి వేడి మీద అతికించిన ఆ గొట్టాల పూల చాలు అందమైనదే, కానీ కొన్ని చౌక తుపాకుల మీద ఆ చాలు పైపూత మాత్రమే. పేల్చాలన్న ఉద్దేశం ఉంటే గోడ మందం పరికరంతో కొలిపించి, పాత తుపాకులు తెలిసిన నిపుణుడి మాట విన్న తరువాతే తూటా పెట్టాలి. ఆ కాలపు 12 గేజ్ తుపాకులలో తూటా కూర్చునే గదులు చాలావరకు రెండు అంగుళాల మీద ఎనిమిదింట ఐదు వంతుల పొడవువి. నేటి రెండు ముప్పావు అంగుళాల తూటా అందులో దూరుతుంది, కానీ పేలినప్పుడు తెరుచుకునే మూతికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఉక్కు రవ్వ తూటాలను ఈ గొట్టాలలో వాడనే కూడదు. అందుకే నీటి పక్షుల వేటలో సీసపు రవ్వను అమెరికా అంతటా నిషేధించిన 1991 నుంచి చాలా పాత బాతుల తుపాకులు గోడ ఎక్కాయి. గది పొడిగించి ఉన్న తుపాకీ పేల్చడానికి తేలిక అనిపించవచ్చు, సేకరణకు మాత్రం దాని విలువ తగ్గినట్టే.

చట్టం, వీసా, సరిహద్దు

1968 నాటి అమెరికన్ సమాఖ్య చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని పురాతన వస్తువుగా లెక్కిస్తుంది, దాన్ని మామూలు తుపాకీ నిర్వచనం నుంచి తప్పిస్తుంది. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి ఈ గీత చాలా ముఖ్యం. వారు మామూలు తుపాకీ కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. పార్కర్, స్మిత్, లెఫీవర్ ముగ్గురూ 1898 గీతకు రెండు వైపులా తుపాకులు చేశారు కనుక సీరియల్ నంబరు తేదీ తేల్చకుండా కొనరాదు. కోల్ట్, అలెన్, హారింగ్టన్ ఆన్సన్ డీలీ తుపాకులకు ఆ గొడవే లేదు.

అయితే సమాఖ్య చట్టం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో పురాతన తుపాకీ నిర్వచనం ఇంకా ఇరుకైనది. ఈనాటికీ తూటాలు దొరికే 12 గేజ్ తుపాకీ 1880ల నాటిదైనా అక్కడ మామూలు తుపాకీగానే చెల్లుతుంది. 18 అంగుళాల కన్నా పొట్టిగా కోసిన గొట్టాల విషయంలో 1934 నాటి వేరే చట్టం వర్తిస్తుంది, దానికి 1898 గీతతో మాఫీ దొరకదు. గొట్టాలు కోసిన బగ్గీ తుపాకీ బేరం వచ్చినప్పుడు ముందు టేపు తీయాలి.

భారతదేశానికి తీసుకువెళ్లాలన్న ఆలోచన అసలు పెట్టుకోకపోవడమే మంచిది. మన 1959 ఆయుధ చట్టం పాత ఆయుధానికి ఇచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేలే అవకాశమే లేనివాటికి పరిమితం. పేలే 12 బోర్ తుపాకీ ఎంత పాతదైనా లైసెన్సు కావలసిందే, 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి లైసెన్సు మీద రెండుకు మించి ఉండకూడదు. పాత ఆయుధాల పనితనం చూడాలన్న కోరిక అక్కడ తీర్చుకోవాలంటే హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది చాలు.

ఎవరికి ఏది

మొదటిసారి కొనేవారు, తప్పు చేస్తే తిరిగి అమ్ముకోగలగాలి అనుకునేవారు సాదా గ్రేడు పార్కర్ కొనడం మేలు. ధర ఎక్కువైనా ఉత్తరం ఉంటుంది, కొనేవారు ఎప్పుడూ ఉంటారు. యంత్రాన్ని విప్పి బిగించే సరదా ఉన్నవారు, ఉన్న సొమ్ములో ఎక్కువ పనితనం కోరేవారు సిరక్యూస్ లెఫీవర్ వైపు చూడాలి. కర్ర చీలిక లేని స్మిత్ దొరికితే దాన్ని రెండో ఆలోచన లేకుండా తీసుకోమంటాను, కానీ అలాంటిది దొరకడానికి ఎన్ని చూడాలో చెప్పలేను. వీసా తేదీలతో చిక్కున్నవారికి, రాష్ట్ర చట్టం అనుమతిస్తే, కోల్ట్ 1878 సరైనది. గ్రంథాలయాల్లో సాయంత్రాలు గడపడం ఇష్టమైనవారు మాత్రమే అలెన్, బేకర్ మూడు గొట్టాల జోలికి వెళ్లాలి.

ఏది ఎంచుకున్నా, ఉత్తరం ఇచ్చే సంస్థ ఉన్న తుపాకీ అయితే బయానా కట్టేటప్పుడే ఒక షరతు రాయించుకోండి: ఉత్తరంలోని గ్రేడు, గేజ్, గొట్టాల పొడవు తుపాకీతో సరిపోకపోతే బయానా పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ఆ షరతుకు వెంటనే ఒప్పుకునే అమ్మకందారు దగ్గర తుపాకీని ఇంకోసారి తీరిగ్గా చూడవచ్చు.